బుల్లెమ్మగారు ఆయ్ అన్నారు

నడిమిగరువు బడిలో మధ్యాహ్న భోజనం వండే బుల్లెమ్మ గురించి ఊళ్లో ఎవరినడిగినా ఒకటే మాట, ఆవిడ నోట్లో నాలుక లేదని. ఆ మాట అనేవాళ్లకి రెండేసి నాలుకలున్నాయి కాబట్టి ఊరి మొత్తం మీద సరిపోయిందనుకోవాలి.

ఆవిడ చదివింది మూడో తరగతి. పదహారో ఏట కోనసీమ నుంచి కాపురానికొచ్చింది. పెనిమిటి త్రిమూర్తులు కాలవ మీద లస్కరు. గట్లు కాయడం, తూము తలుపులు ఎత్తడం దించడం ఆయన ఉద్యోగం. భీమవరానికి బాగా దిగువన, సముద్రపు గాలి తగిలే ఊరు అది. తాగడానికి ఉన్నది ఒక్క మంచినీళ్ల చెరువు. వేసవిలో కాలవ కట్టేసే ముందు ఆ చెరువు నింపుకుంటే, మళ్లీ కాలవ వదిలేదాకా ఊరంతటికీ అవే నీళ్లు. చేతిపంపు కొడితే నీళ్లు రాకపోవు గానీ, వాటితో గేదెను కడిగినా గేదె మొహం తిప్పుకుంటుంది.

ముప్పై ఏళ్లు ఆ చెరువును నింపింది త్రిమూర్తులే. ఆయన అరుగు మీద కూర్చుని తూముల సంగతులు చెబుతుంటే పొయ్యి దగ్గర్నుంచి బుల్లెమ్మ "ఆయ్" అంటూ ఉండేది. గోదావరి వాళ్ల ఆయ్‌కి అర్థం చెప్పడం కష్టం. వింటున్నానండి అని ఒకటి. ఇక్కడే ఉన్నానండి అని ఒకటి. మీరు పెద్దవారు, ముందు మీది కానివ్వండి, తర్వాత నాది చెబుతాను అని ఇంకొకటి. కాదని చెప్పబోయే ముందు కూడా ఆయ్ అనే మొదలుపెట్టాలి, లేకపోతే మొహాన కొట్టినట్టుంటుంది. ఒప్పుకున్నాను అనే అర్థం ఆ వరసలో ఎక్కడో ఆఖరున ఉంటుంది, అదీ తలాడిస్తేనే.

రెండేళ్ల క్రితం త్రిమూర్తులు తూము దగ్గరే కూలబడి పోయాడు. ఆయన పోయాక కూడా కొన్నాళ్లు బుల్లెమ్మ వంటింట్లో ఉండుండి ఆయ్ అనేది. అన్నాక, ఎవరూ ఏమీ చెప్పలేదని తెలిసేది. గరిటె పక్కన పెట్టి కాసేపు నిలబడి, మళ్లీ కలుపుకునేది.

ఇలా ఉండగా ఊరికి శాస్త్రం పట్టుకుంది.

పల్లంరాజుగారికి మంచినీళ్ల చెరువును ఆనుకుని పడమటి వైపు నలభై ఎకరాల వరి చేను ఉంది. దాన్ని రొయ్యల చెరువులు చేస్తానని ఆయన దరఖాస్తు పెట్టారు. అంతకు ముందే ఆ వైపు అచ్చిబాబు రెండెకరాల్లో రొయ్యలు వేసి ఏడాది దాటింది. ఇప్పుడు నలభై ఎకరాల ఉప్పునీళ్లు పక్కనే చేరితే మంచినీళ్లలోకి ఊరతాయా, ఊరవా? ప్రశ్న ఇంతే. దీనికి జవాబు తెలిసినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. తెలియదన్నవాడూ ఒక్కడూ లేడు.

టీ కొట్టు దగ్గర నిన్నటిదాకా కోడిపుంజుల జాతకాలు చెప్పినవాళ్లు తెల్లారేసరికి భూగర్భ జలాల మీద పడ్డారు. ఫోన్లలో రెండు గ్రూపులు లేచాయి. పల్లంరాజుగారి వైపు వాళ్లది ఊరి ప్రగతి, ఎరువుల కొట్టు శ్యాంబాబు పెట్టింది ఊరి రక్షణ. ప్రగతిలో రొయ్య మీద పద్యాలు, రక్షణలో ఎక్కడివో ఎండిపోయిన కొబ్బరి చెట్ల ఫొటోలు. రక్షణ పెట్టిన శ్యాంబాబుకి పొరుగూళ్లో మూడెకరాల రొయ్యల చెరువుంది. అడిగితే, అది పొరుగూరు కదండీ అన్నాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

బుల్లెమ్మకి ఏ గ్రూపూ లేదు, బొత్తాల ఫోను. కానీ ఊళ్లో అందరికంటే ఆ చెరువుతో ఎక్కువ పని ఆవిడకే. బళ్లో అరవై రెండు మంది పిల్లలు. పప్పు, అన్నం, తాగే నీళ్లు, అన్నీ ఆ చెరువువే. ఏడాదిగా ఆవిడ మనసులో ఒక మాట నలుగుతోంది. పడమటి రేవు నీళ్లతో కందిపప్పు సరిగా ఉడకడం లేదు. ఆ నీళ్లింకా చెడితే పిల్లలకి ఏం పెట్టాలి, ఏం తాగించాలి? ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియక కూర్చుంటే, పెద్దాఫీసు వాళ్లే ఊరికొచ్చి ప్రజాభిప్రాయం అడుగుతారని చాటింపు వేశారు. సభ రోజున ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది.

సభ బడి ఆవరణలోనే. షామియానా, మైకు, వందమందికి పులిహోర. పులిహోర వండమని చెప్పింది బుల్లెమ్మకే కాబట్టి ప్రజాభిప్రాయంలో మొదటి పని ఆవిడదే అయింది. వేదిక మీద అధికారిణి మధులత గారు. అనంతపురం వైపు నుంచి బదిలీ మీద వచ్చి రెండు నెలలు. పక్కన లాప్‌టాప్ మీద అభిప్రాయాలు ఎక్కించడానికి హైదరాబాదు నుంచి తెచ్చుకున్న ఆపరేటరు భానుతేజ.

ముందు పండితుల వాదం. చెరువులు కావాలనే వైపు డాక్టరు విశ్వనాథ్ గారు. మనుషుల డాక్టరు కాదు, రొయ్యల మీద పెద్ద చదువు చదివిన డాక్టరు. వద్దనే వైపు ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు మణిశంకర్ గారు. మిట్టమధ్యాహ్నం తెర మీద బొమ్మలేశారు. ఎండకి తెర మీద తెర తప్ప ఏమీ కనబడలేదు. ఊట అనకుండా, సీపేజ్ లేదు అని ఒకాయన, సీపేజ్ ఉంది అని ఇంకొకాయన గంటన్నర పోట్లాడుకున్నారు. వెనక చాపల మీద కూర్చున్న ఆడవాళ్లకి, రిపోర్టులో సి పేజీ ఎక్కడో పోయిందని అర్థమైంది. అంతమంది చదువుకున్నవాళ్లు ఒక్క కాయితం జాగ్రత్త పెట్టుకోలేకపోయారేంటని నొచ్చుకున్నారు కూడా. ఇద్దరు పండితులూ వేదికకి వంద గజాల దూరంలో ఉన్న చెరువు మొహం మాత్రం చూడలేదు. మణిశంకర్ గారు ఒకసారి అటు వెళ్లారు గానీ, అది ఫోను సిగ్నలు కోసం.

ఏదీ తేలకుండా వాళ్లు ఆపేసరికి మధ్యాహ్నం రెండైంది. పులిహోర ఘాటు షామియానాలోకి వచ్చేసింది. ప్రజలకి మనిషికో నిమిషం అన్నారు మధులత గారు. వరసలో నిలబెట్టి అందరినీ ఒకేలా అడిగారు. నీళ్లు పాడుకావని డాక్టరు గారు వివరించారు, విన్నారు కదా, అభ్యంతరం లేదు కదా అని. మైకు అందుకున్న దాదాపు ప్రతివాడూ ముందు ఆయ్ అన్నాడు. అనకపోతే ఆవిడేమనుకుంటుంది? ఆ తర్వాత గొంతు సవరించుకుని తన మాట మొదలుపెట్టేలోపు మైకు వెనకవాడి చేతికి వెళ్లింది. శ్యాంబాబు అయితే ఆయ్ అని, అధ్యక్షుల వారికీ, వేదికనలంకరించిన పెద్దలకీ, సోదర సోదరీమణులకీ, మీడియా మిత్రులకీ నమస్కారాలు పెట్టేసరికి నిమిషం అయిపోయింది. మీడియా రాలేదు కూడా.

బుల్లెమ్మ వంతొచ్చింది. చేతులు చీర కుచ్చిళ్లకి తుడుచుకుని మైకు పట్టుకుంది.

"విన్నారు కదమ్మా? అభ్యంతరం లేదు కదా?"

"ఆయ్," అంది బుల్లెమ్మ. పప్పు అనే మాట నోటిదాకా వచ్చింది.

"సంతోషం. కూర్చోండి."

సంతోషం అన్నాక ఇంకేం చెబుతుంది? వెళ్లి పులిహోర వడ్డించింది. డాక్టరు విశ్వనాథ్ గారి విస్తరి దగ్గర మాత్రం ఆగి, మెల్లిగా చెప్పింది.

"డాక్టరు గారండి, పడమటి రేవు నీళ్లతో పప్పు ఉడకట్లేదండి. అచ్చిబాబు గారు అటు రొయ్యలేసినప్పట్నుంచీనండి."

ఆయన జీడిపప్పు ఏరుకుంటూ నవ్వాడు. "పాత పప్పయ్యుంటుందమ్మా. పాతదైతే గంగాజలంలోనూ ఉడకదు. మారింది పప్పో నీళ్లో చూసుకోకుండా నీళ్ల మీద పెట్టేస్తే ఎలా?"

ఆయన అన్నది ఆవిణ్ణి వదిలించుకోవడానికే. కానీ బుల్లెమ్మ ఆగిపోయింది. పొద్దుట్నుంచీ సభలో విన్న మాటల్లో పనికొచ్చే మాట ఇదొక్కటే అనిపించింది. నిజమే, బడికి వచ్చే పప్పు ఏ గోదాములో ఎన్నాళ్లు ముక్కిందో తనకేం తెలుసు? ఇంతకాలం తను నీళ్లనే తిట్టుకుంది గాని పప్పును ఒక్కసారీ అనుమానించలేదు.

నాలుగో రోజు పంచాయతీ గోడకి సభ నివేదిక అంటించారు. మాట్లాడినవారు యాభై ఒకరు. అనుకూలం నలభై ఏడు, భానుతేజకి వినబడిన ఆయ్‌లన్నీ. తటస్థం మూడు, వాళ్లు వరసలోనే కునికిపాట్లు పడినవాళ్లు. వ్యతిరేకం ఒక్కరు, ఆంజనేయులు. ఆంజనేయులుకి చెవుడు. ప్రశ్న వినబడలేదు కాబట్టి ఆయ్ అనలేదు. నిజానికి ఆయన ఎకరంన్నర పల్లంరాజుగారికి లీజుకిచ్చాడు. చెరువులు తవ్వితే చాలని వెంకన్నకి మొక్కుకున్నాడు. ఊరి తరఫున ఎదురు తిరిగిన వీరుడిగా గోడెక్కింది ఆయనొక్కడే. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాసివ్వాలని కింద చిన్నక్షరాలు.

ఊరు ఆ చిన్నక్షరాలు చదవలేదు. ఎవరి వల్ల ఇలా జరిగిందో తేల్చే పనిలో పడింది. ఆడవాళ్లలో మైకు పట్టుకున్నది బుల్లెమ్మొక్కర్తే కాబట్టి, వెతుక్కునే శ్రమ లేకపోయింది.

"ఊరి మంచినీళ్లని ఒక్క ఆయ్‌తో ముంచేశారు కదండీ బుల్లెమ్మగారూ," అన్నాడు శ్యాంబాబు బడి గేటు దగ్గర నిలబడి. అతని ఆయ్ నివేదికలో పన్నెండో నెంబరు. ఆవిడది నలభై ఆరు.

"ఆయ్," అంది బుల్లెమ్మ, లోపలికి వెళ్లిపోయింది.

బళ్లో టీచరు ఉమాశ్రీ, వరసకి కాకపోయినా పిన్నిగారూ అని పిలుస్తుంది. నివేదిక కింది చిన్నక్షరాలు ఆవిడే చదివి చెప్పింది. పదిహేను రోజులుంది పిన్నిగారూ, రాసిద్దామా అంటే, ముందు పప్పు సంగతి తేలాలంది బుల్లెమ్మ. మర్నాడే మొదలుపెట్టింది. ఒకే బస్తాలోని పప్పు. ఒకే గిద్ద కొలత. ఒకే పొయ్యి, ఒకే మంట. పడమటి రేవు నీళ్లు ఒక పూట, కాలవ నీళ్లు వచ్చే తూర్పు రేవువి ఇంకో పూట, ఇంట్లోని చిన్న కుక్కరులో. ఎన్ని కూతలకి మెత్తబడిందో పిల్లల రూళ్ల పుస్తకంలో గీతలు పెట్టింది.

మొదటి మూడు రోజులూ గీతలు గందరగోళం. ఒకరోజు పడమటి నీళ్లలో పప్పు ముందు ఉడికింది, ఒకరోజు తూర్పు నీళ్లలోది. పప్పుదే తప్పేమో, డాక్టరు గారు చెప్పిందే నిజమేమోననుకుంది. అదీ అలాగే రాసుకుంది. మూడో రోజు ఉమాశ్రీ వచ్చి, మూత పక్కనుంచి ఆవిరి పోతోంది, గాస్కెట్టు అరిగిపోయింది చూసుకోలేదా పిన్నిగారూ అంది. బుల్లెమ్మ ఆ మూడు రోజుల గీతలూ అడ్డంగా కొట్టేసి, భీమవరం నుంచి కొత్త గాస్కెట్టు తెప్పించి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది. ఏడు రోజులు. తూర్పు రేవు నీళ్లకి నాలుగు కూతలు. పడమటి రేవు నీళ్లకి ఆరు. ఒకసారి అయిదున్నర, ఒకసారి ఏడు, మొత్తమ్మీద ఆరు.

సంగతి పొక్కింది. శ్యాంబాబు ఈసారి బిస్కట్ల పొట్లంతో వచ్చాడు. ఆరంటే ఎవడికీ పట్టదనీ, పది అని రాస్తే గ్రూపులో పెడతాననీ, ఊరి మేలు కోసమేననీ నచ్చజెప్పాడు. ఆవిడ ఆరే అంది. సాయంత్రం పల్లంరాజుగారి గుమస్తా వచ్చాడు. ఒకసారి అయిదున్నర వచ్చింది కదా, దాన్ని అయిదు చేస్తే నాలుక్కీ అయిదుకీ పెద్ద తేడా లేదని తేల్చొచ్చు కదా అన్నాడు. ఆవిడ ఆరే అంది. ఇద్దరూ వెళ్తూ ఒకే మాట అనుకుంటూ వెళ్లారు, చదువు లేనివాళ్లతో ఇదే చిక్కని.

పధ్నాలుగో రోజున బుల్లెమ్మ రూళ్ల పుస్తకం సంచిలో పెట్టుకుని, బస్సెక్కి పెద్దాఫీసుకి వెళ్లింది. మధులత గారు తలెత్తకుండానే నివేదిక తిరగేశారు.

"నలభై ఆరో నెంబరు. మీరు ఒప్పుకున్నట్టు రాసుంది కదమ్మా?"

"ఆయ్."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఆయ్. లేదండి."

మధులత గారి కలం ఆగింది. ఆవిడ గుమ్మం వైపు తిరిగి అటెండరును పిలిచారు.

"రాజేంద్రా, నిన్న కలెక్టరేటు ఫైలు పంపించమన్నాను. ఆయ్ అన్నావు. పంపించావా?"

"లేదండి."

"మరి ఆయ్ అన్నావే?"

"తమరు చెప్పింది విన్నానండి మరి," అన్నాడు రాజేంద్ర, విననివాడెవడైనా ఉంటాడా అన్నట్టు.

ఆవిడ నివేదిక మళ్లీ తెరిచారు. ఈ జిల్లాకి వచ్చి రెండు నెలల్లో తను చెప్పిన పనులన్నీ, వాటికి వినబడిన ఆయ్‌లన్నీ కళ్ల ముందు తిరిగి ఉంటాయి. ఆ నలభై ఏడు అనుకూలాల మీద చెయ్యి పెట్టుకుని, కూర్చోమ్మా అన్నారు. ఈసారి మైకు లేదు, నిమిషం లేదు. బుల్లెమ్మ పప్పు సంగతి మొదట్నుంచీ చెప్పింది. మధులత గారు పుస్తకం తిప్పుతూ మొదటి పేజీలో ఆగారు.

"ఈ మూడు రోజులూ కొట్టేశారెందుకు?"

"గాస్కెట్టు పాతదండి. అవి నేను చేసిన తప్పులండి, నీళ్లవి కావు. మీకు కనబడాలని చింపలేదండి."

బల్ల మీద పక్కనే ఇద్దరు పండితుల నివేదికలు ఉన్నాయి. రంగు బొమ్మలు, మెరిసే అట్టలు. ఒక్కొక్కటీ వంద పేజీల పైనే. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. మధులత గారు వాటిని ఒకసారి చూశారు, ఈ రూళ్ల పుస్తకాన్ని ఒకసారి చూశారు. పప్పు కూతలు రికార్డులో పెట్టడానికి వీల్లేదని చెప్పారు. అభ్యంతరం మాత్రం రాయించుకుని, వేలిముద్ర వద్దు సంతకం చెయ్యమన్నారు. బుల్లెమ్మ ఒత్తులన్నీ సరిగా పెట్టి సంతకం చేసింది, పావుగంట పట్టింది.

వారానికి లాబొరేటరీ వాళ్లు వచ్చి రెండు రేవుల్లోనూ సీసాలు నింపుకెళ్లారు. పడమటి వైపు ఉప్పూ కాఠిన్యమూ రెండూ ఎక్కువే, కానీ ఇంకా తాగే హద్దులోపలే ఉన్నాయని తేలింది. అచ్చిబాబు తన చెరువుకీ మంచినీళ్ల చెరువుకీ మధ్య లోతుగా బోదె తవ్వి, ఊట నీళ్లు మురుగు కాలవలోకి మళ్లించాలన్నారు. అది పని చేస్తుందో లేదో వేసవి దాటేదాకా చూశాకే నలభై ఎకరాల సంగతన్నారు. వారం వారం నీళ్ల లెక్క బడి గోడ మీద రాయాలన్నారు.

ఈ తీర్పుతో ఊరు రెండు వైపులా మండిపడింది. హద్దులోపలే అన్నందుకు రక్షణకి కోపం, ఎక్కువే అన్నందుకు ప్రగతికి కోపం. లాబొరేటరీ వాళ్లని పల్లంరాజుగారు కొన్నారని ఒక గ్రూపు, శ్యాంబాబు కొన్నాడని ఇంకో గ్రూపు రాసుకున్నాయి. మణిశంకర్ గారూ విశ్వనాథ్ గారూ ఒక చానెల్లో కూర్చుని మళ్లీ గంట పోట్లాడుకున్నారు. ఈసారి ఇద్దరికీ ఏసీ ఉంది.

అచ్చిబాబు బోదె తవ్వి నెల అయ్యాక, ఒక పొద్దున్న బడి వంటపాక ముందు పల్లంరాజుగారి కారు ఆగింది. ఆయన డిక్కీలోంచి తనే క్యాను దింపుకున్నారు. ఇస్త్రీ చొక్కా మీద నీళ్లు ఒలికాయి.

"బుల్లెమ్మగారూ, పడమటి రేవువి. గోడ మీద అంకెలు నాకర్థం కావట్లేదు. ఓసారి మీ కుక్కరులో వేసి చెప్పండి."

ఆవిడ గిద్దతో పప్పు కొలిచేలోపే శ్యాంబాబు మోటారుసైకిలు మీద వచ్చాడు. అతని దగ్గరా ఒక క్యాను ఉంది, అదీ పడమటి రేవుదే. రాజుగారు ఏ నీళ్లు తెచ్చారో ఎవరు చూడొచ్చారని అతని అనుమానం. బుల్లెమ్మ ఏ క్యానూ ముట్టుకోలేదు. తన బిందె తీసుకుని రేవుకి వెళ్లి ముంచుకొచ్చింది. ఇద్దరూ వెనకే వెళ్లి వెనకే వచ్చారు, బిందె పట్టుకుంటామని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.

ఇంటి నుంచి తెచ్చిన కుక్కరు పొయ్యెక్కింది. పల్లంరాజుగారు ఒకటో తరగతి బల్ల మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. శ్యాంబాబు గుమ్మంలో నిలబడి వేళ్లు మడుచుకుంటున్నాడు. నాలుగు కూతలు అయ్యాయి. అయిదోది కుయ్ అని మొదలై సగంలో ఆగిపోయింది.

అది కూతే అన్నాడు శ్యాంబాబు. అదెలా కూతవుతుంది, ఆవిరి పోయిందంతే అన్నారు రాజుగారు. సగం కూతను కూతగా తీసుకోవడానికి ఏ రూలుందని ఒకరు, తీసుకోకూడదని ఎక్కడుందని ఒకరు. మధులత గారికి ఫోను చేద్దామన్నాడు శ్యాంబాబు. విశ్వనాథ్ గారికి చేస్తానన్నారు రాజుగారు. ఫోన్లు తీశారు, సిగ్నలు లేదు. ఇద్దరూ మాట్లాడుకుంటూనే చెరువు గట్టు వైపు నడిచారు.

బుల్లెమ్మ మంట ఆర్పి, ఆవిరి దిగేదాకా ఆగి మూత తీసింది. ఒక బద్ద గరిటెతో తీసి వేళ్ల మధ్య నొక్కి చూసింది. పైన మెత్తబడింది. లోపల గట్టిగా తగిలింది.

గట్టు మీంచి రాజుగారు, ఏమైందండీ బుల్లెమ్మగారూ అని కేకేశారు.

"ఇంకా పలుకుందండి," అంది బుల్లెమ్మ. ఆవిడ గొంతు అంత దూరం వినబడటం ఊళ్లో అదే మొదలు. మూత మళ్లీ బిగించి పొయ్యి వెలిగించింది.